నల్ల స్ఫటికం ఇల్వైటేనా? స్కార్న్ నమూనాను మెట్టుమెట్టుగా నిర్ధారించే విధానం

బెంగళూరులో మా ఇంట్లో నెలకొక ఆదివారం రాళ్ల పెట్టెలు తెరుచుకుని కూర్చునే తెలుగువాళ్లం పది పన్నెండు మందిమి ఉన్నాము. మా బృందంలోని వారూ, వారి ద్వారా పరిచయమైనవారూ తరచుగా ఒకే రకం ఫోటో పంపి, "అన్నా, నల్లగా ఉంది, నిలువు చారలున్నాయి, చీటీ మీద ఇల్వైట్ అని రాసి ఉంది, నమ్మవచ్చా?" అని అడుగుతుంటారు. ఫోటో చూసి దీనికి జవాబు చెప్పడం సాధ్యం కాదు. స్కార్న్ శిలల్లో, అంటే శిలాద్రవపు వేడి ద్రవాలు తగిలి సున్నపురాయి మారగా ఏర్పడిన శిలల్లో, నల్లగా, చారలతో కనిపించే ఖనిజాలు అరడజనుకు పైగా ఉన్నాయి. అందువల్ల ఇంట్లో చేయగలిగిన పరీక్షలనూ, ప్రయోగశాలలో చేయించవలసిన పరీక్షలనూ, నమూనాకు హాని లేనివి ముందు వచ్చేలా ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

## 1. పరీక్షకు ముందు తెలిసి ఉండవలసిన లక్షణాలు

ఇల్వైట్ కాల్షియం, ఇనుము కలిసిన సిలికేట్ ఖనిజం. దాని నిర్మాణంలో ప్రతి ఒక్క కాల్షియం పరమాణువుకు మూడు ఇనుము, రెండు సిలికాన్ పరమాణువులు ఉంటాయి. ఆ మూడు ఇనుము పరమాణువుల్లో రెండు ద్విసంయోజక స్థితిలోనూ, ఒకటి త్రిసంయోజక స్థితిలోనూ ఉంటాయి. కొద్దిపాటి నీరు హైడ్రాక్సిల్ రూపంలో బంధించబడి ఉంటుంది. మొత్తం బరువులో సుమారు 41 శాతం ఇనుమే.

చేతిలో పట్టుకుని చూసేవారికి అవసరమైన గుణాలు ఇవి:

- రంగు: ఇనుప నలుపు, లేదా బూడిద కలిసిన నలుపు.
- గీత రంగు (పింగాణీపై గీస్తే పడే పొడి రంగు): నలుపు, అందులో లేత ఆకుపచ్చ లేదా గోధుమ ఛాయ.
- మెరుపు: లోహానికీ గాజుకూ నడుమ. పాత ముఖాలపై మందంగా కనిపిస్తుంది.
- కాఠిన్యం: మోస్ కొలమానంలో 5.5 నుండి 6.
- సాంద్రత: ఘన సెంటీమీటరుకు 3.8 నుండి 4.1 గ్రాములు, శుద్ధమైన ముక్కల్లో 4.0కు దగ్గరగా.
- రూపం: నిలువు చారలున్న పట్టకాలు, వజ్రపు గుర్తు ఆకారంలో అడ్డుకోత. కొన్నిచోట్ల కేంద్రం నుండి విచ్చుకున్న కడ్డీల గుత్తులు, లేదా ఆకారం లేని ముద్ద.

ఎల్బా ద్వీపానికి లాటిన్‌లో ఉన్న ఇల్వా అనే పేరు నుండి ఈ ఖనిజానికి పేరు వచ్చింది. సంగ్రాహకుల చేతుల్లో తిరిగే మంచి స్ఫటికాలు ఎక్కువగా ఎల్బా, గ్రీసులోని సెరిఫోస్ ద్వీపం, రష్యా తూర్పు తీరాన ఉన్న దాల్నెగోర్స్క్, చైనాలోని ఇన్నర్ మంగోలియాలో ఉన్న హువాంగ్‌గాంగ్ గని, అమెరికాలోని ఐడహో రాష్ట్రపు సౌత్ మౌంటెన్ ప్రాంతాల నుండి వచ్చినవే. మన కాళ్ల కింద ఉన్నది వేరే శిల. లాల్‌బాగ్ గుట్టలో కనిపించే గ్నీసు దాదాపు 300 కోట్ల సంవత్సరాల నాటిది, అది స్కార్న్ కాదు. కాబట్టి నగరం పొలిమేరల్లో దొరికిన నల్లరాయిని ఎవరైనా ఇల్వైట్ అంటే, పరీక్షకు కూర్చోకముందే అనుమానించవచ్చు.

## 2. సామగ్రి

వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. చాలావరకు బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నైవారికి రిచీ స్ట్రీట్‌లోనో ఒక్క పూటలో సమకూర్చుకోవచ్చు.

- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం.
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం యంత్రం.
- ఫ్రిజ్ తలుపుకు అంటించే మామూలు అయస్కాంతం ఒకటి, పాడైన హార్డ్ డిస్క్ నుండి తీసిన నియోడిమియం అయస్కాంతం ఒకటి.
- మెరుగు పూత లేని తెల్ల పింగాణీ ముక్క.
- ఉక్కు చాకు, చిన్న క్వార్ట్జ్ ముక్క.
- చిన్న గాజు బీకరు, సన్నని నైలాన్ దారం, ఆధారానికి ఒక కర్ర.
- మందులు నూరే చిన్న కల్వం, తెల్ల కాగితం, పలుచని ప్లాస్టిక్ కవరు.
- మెత్తని పళ్లకుంచె, కుట్టుసూది, శుద్ధజలం.

పింగాణీ గురించి ఒక మాట. చాలామంది గోడ టైలు వెనుక భాగాన్ని వాడతారు. ఎర్రమట్టితో చేసిన టైలు అయితే ఆ ఎరుపు గీతలో కలిసి, ప్రతి ఖనిజమూ ఎర్ర గీతనిచ్చే హెమటైట్‌లా కనిపిస్తుంది. వెనుక తెల్లగా, గట్టిగా ఉన్నదాన్నే ఎంచుకోవాలి. అది దొరకకపోతే పింగాణీ కప్పు అడుగున పూత పట్టని వలయం కూడా పనికి వస్తుంది.

## 3. నమూనాను సిద్ధం చేయడం

ముందుగా నమూనాను నాలుగు వైపుల నుండి స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయాలి. దానితో వచ్చిన చీటీని ఎంత చిరిగినా పారవేయకూడదు. గని పేరు ఉన్న పాత చీటీ కొన్నిసార్లు రాయి కంటే విలువైన సాక్ష్యం అవుతుంది.

తరువాత శుద్ధజలంతో, పళ్లకుంచెతో మెల్లగా కడగాలి. స్ఫటికాల మధ్య ఇరుక్కున్న కాల్సైటును సూదితో ఓపికగా తీయాలి. తెల్లటి కాల్సైటును కరిగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయడం మిగతా ఖనిజాల విషయంలో మామూలు పద్ధతే కావచ్చు గాని, ఇల్వైట్‌ను కూడా ఆ ఆమ్లం తినేస్తుంది. ఒక రాత్రి ఆమ్లంలో ఉంచి, ఉదయానికి మెరుపంతా పోయి బొగ్గులా మారిన గుత్తిని నేను చూశాను. అది నాదే. చెడిన ముఖాలు మళ్లీ బాగుపడవు.

కడిగిన నమూనాను నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. తడి మిగిలి ఉంటే తరువాత చేసే సాంద్రత లెక్క తప్పుతుంది.

## 4. తోడు ఖనిజాలను చదవడం

నల్ల స్ఫటికాన్ని కాసేపు పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్నవాటిని చూడాలి. సగం నిర్ధారణ ఇక్కడే జరుగుతుంది. తొందరపడేవారు దాటవేసే మెట్టు కూడా ఇదే.

కరిగిన శిలాద్రవం సున్నపురాయిలోకి చొచ్చుకు వచ్చినప్పుడు, దాని నుండి వెలువడిన వేడి ద్రవాలు సున్నపురాయితో చర్య జరపడం వల్ల స్కార్న్ ఏర్పడుతుంది. మొదటి దశలో, ఎక్కువ వేడిలో, నీరు లేని గార్నెట్, పైరాక్సీన్ ఖనిజాలు పెరుగుతాయి. చల్లబడే రెండవ దశలో నీటితో కూడిన ద్రవాలు వాటిని కొరుక్కుతిని ఎపిడోట్, ఆక్టినోలైట్, క్లోరైట్, క్వార్ట్జ్, కాల్సైట్, సల్ఫైడ్‌ల వంటివాటిని మిగులుస్తాయి. ఇల్వైట్ ఈ రెండవ దశకు చెందినది. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువనే అది నిలుస్తుంది. సాధారణంగా హెడెన్‌బర్గైట్ అనే ఇనుప పైరాక్సీన్‌నో, ఆండ్రడైట్ అనే ఇనుప గార్నెట్‌నో తొలగించి ఆ చోటును ఆక్రమిస్తుంది. సీసం, జింకు ధాతువులున్న స్కార్న్‌లలోనూ, ఇనుప స్కార్న్‌లలోనూ దానిని వెతకాలి.

కాబట్టి భూతద్దంతో ఈ ప్రశ్నలు వేసుకోవాలి:

- ముదురు ఆకుపచ్చ కడ్డీల హెడెన్‌బర్గైట్ దగ్గరలో ఉందా?
- గోధుమ లేదా పసుపు ఆకుపచ్చ రంగు గార్నెట్ ఉందా?
- నల్ల స్ఫటికం గార్నెట్ మీద, పగుళ్లలో, ఖాళీల్లో పెరిగిందా? అలా అయితే వరుస సరిపోతుంది. గార్నెట్టే నల్ల స్ఫటికాన్ని పూర్తిగా కప్పి ఉంటే ఆగి ఆలోచించాలి.
- క్వార్ట్జ్, కాల్సైట్, స్ఫాలరైట్ (జింకు ధాతువు), గెలీనా (సీసం ధాతువు), మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ధాతువు), ఆర్సెనోపైరైట్‌లలో ఏవి ఉన్నాయి?
- ఫోర్స్టరైట్, డోలమైట్, స్పైనెల్ వంటి మెగ్నీషియం ఖనిజాలు కనిపిస్తున్నాయా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. లుడ్విగైట్ అనే బోరేట్ ఖనిజం కూడా నల్లగానే ఉండి, నల్లటి గీతనే ఇస్తుంది. దాని సాంద్రత 3.6 నుండి 4.2 వరకు ఉండటం వల్ల తూకంతో రెంటినీ విడదీయలేము. అయితే అది మెగ్నీషియం ఎక్కువగా ఉన్న స్కార్న్‌లో, సాధారణంగా పీచులాంటి కట్టలుగా పెరుగుతుంది, ఇల్వైట్ ఇనుము, కాల్షియం ఎక్కువైన స్కార్న్‌లో పెరుగుతుంది. ఈ రెండూ ఒకే ఇంట కాపురం చేయడం అరుదు.

## 5. రూపం, చీలిక, కాఠిన్యం

స్ఫటికం విరిగిన చివరను భూతద్దంతో చూడాలి. ఇల్వైట్ అడ్డుకోత నాలుగు అంచుల వజ్రాకారంలో ఉంటుంది. నల్ల టూర్మలీన్ అడ్డుకోత ఉబ్బిన త్రిభుజంలా ఉంటుంది. నిలువు చారలు రెంటికీ ఉంటాయి కాబట్టి, చారలను చూసి తీర్పు చెప్పకూడదు.

చీలిక విషయానికి వస్తే, ఆంఫిబోల్‌లలో (ఆక్టినోలైట్ ఈ కుటుంబానిదే) రెండు చీలిక తలాలు దాదాపు 56, 124 డిగ్రీల కోణాల్లోనూ, పైరాక్సీన్‌లలో ఇంచుమించు లంబకోణంలోనూ కలుసుకుంటాయి. ఇల్వైట్‌లో చీలిక ఉన్నా అంత శుభ్రంగా కనిపించదు, విరిగిన చోటు ఎగుడుదిగుడుగా ఉంటుంది. చిన్న దెబ్బకే ముక్కలవుతుంది కాబట్టి సుత్తి ఎత్తకూడదు.

కాఠిన్యాన్ని కనిపించని వెనుక భాగంలో మాత్రమే పరీక్షించాలి. చాకుతో సులభంగా గీత పడితే అది ఇల్వైట్ కాదు, చాలావరకు ముదురు స్ఫాలరైట్ అయి ఉంటుంది. క్వార్ట్జ్‌తో గీసినా గీత పడకపోతే టూర్మలీన్‌ను గానీ, నల్ల గార్నెట్‌ను గానీ అనుమానించాలి.

## 6. గీత రంగు

పింగాణీపై ఒకే దిశలో, మధ్యస్థమైన ఒత్తిడితో రెండు సెంటీమీటర్ల గీత గీయాలి. గీతను పగటి వెలుగులో చూడాలి. ఎల్‌ఈడీ దీపం కింద లేత ఛాయలు మోసం చేస్తాయి. గీతను వేలితో కొద్దిగా పామితే అసలు రంగు తేలుతుంది.

- నలుపు, లేత ఆకుపచ్చ లేదా గోధుమ ఛాయతో: ఇల్వైట్ కావచ్చు.
- తెలుపు లేదా లేత బూడిద: టూర్మలీన్, ఆంఫిబోల్, గార్నెట్, హెడెన్‌బర్గైట్‌లలో ఒకటి.
- బూడిద గోధుమ, తారులాంటి మెరుపుతో: అలనైట్ కావచ్చు. అది స్వల్పంగా రేడియోధార్మికం కూడా.
- లేత పసుపు నుండి గోధుమ: స్ఫాలరైట్.
- ఎరుపు గోధుమ: హెమటైట్.
- శుద్ధమైన నలుపు: మాగ్నెటైట్, లుడ్విగైట్, లేదా మళ్లీ ఇల్వైట్.

వచ్చే నమూనాల్లో సగానికి పైగా ఇక్కడే పక్కకు తప్పుకుంటాయి.

## 7. అయస్కాంతం: బలహీనమైనది ముందు

ఇక్కడ వరుస తారుమారు చేయడం వల్ల మంచి నమూనాలు కూడా తిరస్కారానికి గురవుతాయి. ఇల్వైట్‌లో ఇనుము అంత ఎక్కువగా ఉండటం వల్ల, బలమైన నియోడిమియం అయస్కాంతం దాని పొడిని కొంత లాగుతుంది. అది చూసి "ఇది మాగ్నెటైటే" అని తేల్చేవారు చాలామంది.

అందువల్ల ముందు ఫ్రిజ్ అయస్కాంతాన్ని వాడాలి. వెనుక భాగం నుండి రాలిన బియ్యపు గింజంత ముక్కను కల్వంలో మెత్తగా నూరి, తెల్ల కాగితంపై పలుచగా పరచాలి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, పొడి మీద అర సెంటీమీటరు ఎత్తున మెల్లగా జరపాలి. ఎగిరి అంటుకున్నది మాగ్నెటైట్. దానిని వేరే కాగితంపై దులిపి, ఏమీ అంటుకోని వరకు ఇలాగే పదే పదే చేయాలి.

ఇప్పుడు కాగితంపై మిగిలిన పొడి రంగు చూడాలి. అది ఇంకా నల్లగా ఉంటే ముందుకు సాగవచ్చు. లేత ఆకుపచ్చగానో, బూడిదగానో మారితే నమూనా ఇల్వైట్ కాదు. ఈ పరీక్షకు ఇంత ప్రాధాన్యం ఎందుకో తొమ్మిదవ భాగంలో తెలుస్తుంది.

## 8. సాంద్రత కొలవడం

తల్లిరాయి అంటుకోని విడి స్ఫటికం గానీ, శుద్ధమైన ముక్క గానీ ఉంటేనే ఈ కొలత చేయాలి. ఒక మూల కాల్సైట్ అంటుకుని ఉన్నా సంఖ్య కిందికి జారుతుంది.

1. పొడి ముక్కను తూచి బరువు రాసుకోవాలి.
2. బీకరును సగం వరకు శుద్ధజలంతో నింపి, తూకం యంత్రంపై పెట్టి, యంత్రాన్ని సున్నాకు తేవాలి.
3. ముక్కను నైలాన్ దారంతో కట్టి, కర్రకు వేలాడదీసి, పూర్తిగా నీటిలో మునిగేలా దించాలి. ముక్క బీకరు అడుగును గానీ, గోడను గానీ తాకకూడదు.
4. ముక్కకు అంటిన గాలి బుడగలను సూదితో తొలగించాలి. నీటిలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేస్తే బుడగలు నిలవవు.
5. యంత్రం చూపే సంఖ్యను రాసుకోవాలి. ముక్క తోసివేసిన నీటి బరువు అదే.
6. మొదటి సంఖ్యను రెండవ సంఖ్యతో భాగించాలి.

ఉదాహరణకు పొడి బరువు 14.36 గ్రాములు, నీటిలో యంత్రం చూపినది 3.57 గ్రాములు అయితే సాంద్రత 4.02 అవుతుంది. గది వేడికి నీటి సాంద్రత ఒకటి కంటే కొద్దిగా తక్కువ కాబట్టి, 27 డిగ్రీల దగ్గర దానిని 0.9965తో గుణిస్తే 4.01 వస్తుంది. మన పనికి ఈ సవరణ అవసరం లేదు.

ముక్క పరిమాణం మాత్రం ముఖ్యం. యంత్రం చూపే సంఖ్యలో 0.02 గ్రాము తేడా వచ్చిందనుకుందాం. 14 గ్రాముల ముక్కకు అది పెద్ద లెక్క కాదు. 2 గ్రాముల ముక్క అయితే నీటి బరువు 0.50 దగ్గర ఉంటుంది కాబట్టి, అంతే తేడాకు జవాబు 3.85 నుండి 4.17 వరకు ఎటైనా పోవచ్చు. 5 గ్రాముల కంటే చిన్న ముక్కకు ఈ పద్ధతిని నమ్మవద్దు. ప్రతి ముక్కనూ దారం విప్పి, ఆరబెట్టి, మళ్లీ కట్టి, మూడుసార్లు కొలవాలి.

టూర్మలీన్, ఆంఫిబోల్, బాబింగ్టనైట్ (కాల్షియం, ఇనుము కలిసిన మరో నల్ల సిలికేట్), హెడెన్‌బర్గైట్‌లు 3.0 నుండి 3.6 మధ్య నిలుస్తాయి కాబట్టి 4.0 వస్తే అవి తొలగిపోతాయి. మాగ్నెటైట్ 5.2 దగ్గర ఉంటుంది. ముదురు స్ఫాలరైట్ 3.9 నుండి 4.1, ఆండ్రడైట్ 3.8 నుండి 3.9 ఉండి ఇల్వైట్‌తో కలిసిపోతాయి. వాటిని గీత రంగు, కాఠిన్యం ముందే విడదీసి ఉండాలి. ఏ ఒక్క పరీక్షా ఒంటరిగా చాలదు.

## 9. అసలు ఉచ్చు: హెడెన్‌బర్గైట్, మాగ్నెటైట్‌ల మిశ్రమం

కొన్నేళ్ల కిందట ఒక రాళ్ల సంతలో నేను పిడికెడంత నల్ల ముద్దను ఇల్వైట్ అనే చీటీతో కొన్నాను. సాంద్రత 4.05 వచ్చింది, గీత నల్లగా ఉంది. తెలిసినవారి ద్వారా పొడి మొత్తానికి రసాయన విశ్లేషణ చేయిస్తే కాల్షియం, ఇనుము, సిలికాన్‌ల నిష్పత్తి ఇంచుమించు 1:3:2 అని తేలింది. సంబరపడి చీటీ మార్చకుండానే పెట్టెలో పెట్టాను. అది ఇల్వైట్ కాదని ఏడాది తరువాత తెలిసింది.

ఇది ఎలా సాధ్యమో లెక్కతోనే అర్థమవుతుంది. హెడెన్‌బర్గైట్‌లో ఈ మూడు మూలకాల నిష్పత్తి 1:1:2. మాగ్నెటైట్‌లో ఇనుము, ఆక్సిజన్ తప్ప ఇంకేమీ లేదు. హెడెన్‌బర్గైట్ 62 పాళ్లు, మాగ్నెటైట్ 38 పాళ్లు బరువు చొప్పున సన్నగా కలిసి ఉంటే, ఆ మిశ్రమంలో నిష్పత్తి సరిగ్గా 1:3:2 అవుతుంది. అంతకంటే విచిత్రం, దాని సాంద్రత కూడా 4.0, 4.1 మధ్యనే వస్తుంది. నల్ల గీతను మాగ్నెటైట్ ఇస్తుంది. మూడు పరీక్షలనూ ఒకే మిశ్రమం మోసగించగలదన్న మాట. ఈ రెండు ఖనిజాలూ ఇనుప స్కార్న్‌లో పక్కపక్కనే పెరిగేవి కాబట్టి ఇది కాగితం మీద లెక్కకే పరిమితమైన భయం కాదు. స్ఫటిక ముఖాలు లేని ముద్ద నమూనాల విషయంలో ఈ అనుమానం ఎప్పుడూ ఉండాలి.

దీనిని పట్టుకునే దారులు ఇవి:

- ముద్ద మొత్తానికి ఫ్రిజ్ అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే మాగ్నెటైట్ ఉన్నట్టే.
- పొడిని భూతద్దంతో చూస్తే, మిశ్రమంలో ఆకుపచ్చ రేణువులూ నల్ల రేణువులూ వేరువేరుగా కనిపిస్తాయి.
- ఏడవ మెట్టులో చెప్పినట్టు మాగ్నెటైట్‌ను తీసివేసిన తరువాత మిశ్రమపు పొడి లేత ఆకుపచ్చగా మిగులుతుంది. ఇల్వైట్‌లో మాగ్నెటైట్ రేణువులు ఇరుక్కుని ఉన్నా, మిగిలే పొడి నల్లగానే ఉంటుంది.

నేను ఆ ముద్దకు అయస్కాంతాన్ని ముందే చూపించి ఉంటే విశ్లేషణ ఖర్చు తప్పేది.

## 10. ఆమ్ల పరీక్ష: అవసరమైతేనే

మెత్తని ఇల్వైట్ పొడిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడి చేస్తే అది కరిగి, ఆరే కొద్దీ సిలికా జిగురు ముద్దలా మిగులుతుంది. లుడ్విగైట్‌లో సిలికా లేదు కాబట్టి అది కరిగినా ఇలా జిగురు కట్టదు. ఈ రెంటి మధ్య సందేహం మిగిలినప్పుడే ఈ పరీక్షకు విలువ ఉంది.

చేయదలచినవారు తప్పక పాటించవలసినవి:

- పరీక్షకు పిసరంత పొడి చాలు.
- రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, ఆరుబయట చేయాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీ ఆరుబయట కిందకు రాదు.
- బాత్‌రూమ్ శుభ్రం చేసే ఆమ్లంలో రంగులు, ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. బ్లీచింగ్ పదార్థాలను దగ్గరకు రానివ్వకూడదు.
- పరీక్ష నాళికను మంటపై పెట్టకుండా వేడినీటి గిన్నెలో ఉంచాలి.
- నమూనాలో సల్ఫైడ్‌లు ఉంటే ఈ పరీక్ష మానుకోవాలి.

ఊదుగొట్టపు మంటలో కరిగించి అయస్కాంత గోళీ చేసే పరీక్ష కూడా ఉంది. స్కార్న్ నమూనాల్లో ఆర్సెనోపైరైట్ తరచుగా దాగి ఉంటుంది. దానిని కాలిస్తే ఆర్సెనిక్ పొగ వస్తుంది. ఇంట్లో ఈ పరీక్ష వద్దు.

## 11. ప్రయోగశాలకు పంపేటప్పుడు ఏమి అడగాలి

కళాశాల లేదా ప్రైవేటు ప్రయోగశాలకు వెళ్లేముందు ప్రశ్నను స్పష్టంగా రాసుకోవాలి. "ఇది ఏమిటి?" అని అడిగితే పొడవైన సంఖ్యల పట్టిక చేతికి వస్తుంది. "ఇది ఇల్వైటా, లేక హెడెన్‌బర్గైట్, మాగ్నెటైట్‌ల మిశ్రమమా?" అని అడిగితే జవాబు వస్తుంది.

మెరుగుపెట్టిన ముక్కపై ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మూలకాల విశ్లేషణ చేయిస్తే, రేణువు రేణువుకు నిష్పత్తి తెలుస్తుంది. కాల్షియం, ఇనుము, సిలికాన్ పరమాణువుల వరుసలో గుర్తుపెట్టుకోవలసిన నిష్పత్తులు ఇవి:

- ఇల్వైట్ 1:3:2
- హెడెన్‌బర్గైట్ 1:1:2
- ఆండ్రడైట్ 3:2:3
- బాబింగ్టనైట్ 2:2:5
- ఇనుప ఆక్టినోలైట్ 2:5:8

మాంగనీసు కనిపిస్తే దానిని ఇనుముతో కలిపి లెక్కించాలి. ఇల్వైట్‌లో అది ఇనుము స్థానంలో చేరడం మామూలే.

నివేదికలో మొత్తం శాతం విషయంలో ఒక చిక్కు ఉంది. ఇనుమంతా ద్విసంయోజకమే అనుకుని లెక్కించే పద్ధతిలో శుద్ధ ఇల్వైట్‌కు ఐరన్ ఆక్సైడ్ 52.7, సిలికా 29.4, కాల్షియం ఆక్సైడ్ 13.7 శాతం వచ్చి, మొత్తం 96 శాతం దగ్గర ఆగుతుంది. నీరు, త్రిసంయోజక ఇనుముకు చెందిన అదనపు ఆక్సిజన్ ఆ లెక్కలోకి రాకపోవడమే కారణం. విశ్లేషణ చెడిందని బెంగపడనక్కరలేదు. కొన్ని యంత్రాలు మొత్తాన్ని 100కు సర్ది చూపుతాయి. అప్పుడు ఈ ఆనవాలు మాయమవుతుంది కాబట్టి, సర్దని సంఖ్యలనే అడగాలి.

తుది తీర్పు పొడి ఎక్స్‌ఆర్‌డీ పరీక్షది, అంటే పొడిపై ఎక్స్ కిరణాలు పంపి, అవి ఏయే కోణాల్లో బలంగా వెనుదిరిగి శిఖరాలు చూపుతాయో బట్టి స్ఫటిక అమరికను గుర్తించే పరీక్షది. పంపేముందు మాగ్నెటైట్‌ను అయస్కాంతంతో తీసివేయాలి. ఎక్స్ కిరణాలు పుట్టించే రాగి గొట్టం ఉన్న యంత్రంలో ఇనుము ఎక్కువున్న నమూనాకు నేపథ్యం బాగా పెరిగి చిన్న శిఖరాలు మునిగిపోతాయి. కోబాల్ట్ గొట్టం గానీ, ఒకే తరంగదైర్ఘ్యపు కిరణాలను వదిలే మోనోక్రోమేటర్ గానీ ఉందా అని ముందే అడగడం మంచిది. రాగి గొట్టంతో ఇల్వైట్ 12.1 డిగ్రీల దగ్గర ఒక శిఖరాన్ని ఇస్తుంది. హెడెన్‌బర్గైట్‌కూ మాగ్నెటైట్‌కూ అక్కడ ఏమీ లేదు. క్లోరైట్ మాత్రం 12.4 దగ్గర, సర్పెంటీన్ 12.1 దగ్గరే శిఖరాలు ఇస్తాయి. కాబట్టి ఆ ఒక్క శిఖరంతో సంబరపడకుండా మొత్తం శిఖరాల వరుసను సరిపోల్చి చూడమనాలి.

నివేదికలో "మోనోక్లినిక్" అని ఉంటే, పుస్తకంలో "ఆర్థోరాంబిక్" అని ఉంటే కంగారుపడవద్దు. ఇల్వైట్‌లో ద్విసంయోజక, త్రిసంయోజక ఇనుము అయాన్లు గది వేడి వద్ద ఒక క్రమంలో నిలుస్తాయి, అందువల్ల అమరిక కొద్దిగా వంగి ఉంటుంది, అదే మోనోక్లినిక్. సుమారు 60 నుండి 75 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే ఆ క్రమం చెదిరి అమరిక నిటారై ఆర్థోరాంబిక్ అవుతుంది. రెండు పేర్లూ ఒకే ఖనిజానివి.

సూక్ష్మదర్శిని కింద చూడటానికి పలుచని శిలాఛేదం కావాలంటే బెంగళూరు శివారు జిగణి వైపు గ్రానైట్ కోసే షెడ్లకు తీసుకుపోవద్దు. ఆ రంపపు మందం మీ స్ఫటికం మందం కంటే ఎక్కువ ఉంటుంది.

## 12. తరచు జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

తుప్పు పట్టిన ముఖంపై గీత గీయడం. గోధుమ రంగు వస్తుంది. తాజాగా విరిగిన చోట మళ్లీ గీయాలి.

సాంద్రత 3.7 వచ్చింది. ముందు బుడగలు, తరువాత అంటుకున్న కాల్సైట్, ఆ తరువాత లోపలి పగుళ్లు చూడాలి. నీటిలో పది నిమిషాలు ఉంచి మళ్లీ తూచాలి. అప్పటికీ మారకపోతే నమూనాపైనే అనుమానం.

సాంద్రత 4.3 దాటింది. మాగ్నెటైట్ గానీ, సల్ఫైడ్‌లు గానీ లోపల ఉన్నాయి. ఏడవ మెట్టుకు తిరిగి వెళ్లాలి.

ఊరి పేరును బట్టి ఖనిజాన్ని నిర్ణయించడం. దాల్నెగోర్స్క్ నుండి వచ్చిన నల్ల స్ఫటికాలన్నీ ఇల్వైట్ కావు. అక్కడి ముదురు స్ఫాలరైట్ కూడా అంతే నల్లగా మెరుస్తుంది. చాకు ఒక్క క్షణంలో విషయం తేలుస్తుంది.

## 13. చీటీ రాయడం, భద్రపరచడం

పరీక్షలు ముగిశాక ఫలితాన్ని ఎంత వరకు తేలిందో అంత వరకే రాయాలి. మా బృందంలో మూడు మాటలు వాడుతాము. తోడు ఖనిజాలు, రూపం, గీత రంగు మాత్రమే సరిపోతే "కావచ్చు". అయస్కాంతం, సాంద్రత కూడా సరిపోతే "చాలావరకు". రేణువు స్థాయి విశ్లేషణ గానీ, ఎక్స్‌ఆర్‌డీ గానీ సరిపోతే "నిర్ధారితం".

చీటీలో ఉండవలసినవి:

- ఖనిజం పేరు, పై మూడింటిలో ఒక మాట.
- గని, ప్రాంతం, దేశం. తెలియకపోతే "తెలియదు" అని.
- తోడు ఖనిజాల పేర్లు.
- కొలిచిన సాంద్రత, ముక్క బరువు, కొలిచిన తేదీ.
- పాత చీటీ మీద ఉన్నది ఉన్నట్టుగా నకలు.

చెన్నైవారు ఒక జాగ్రత్త అదనంగా తీసుకోవాలి. తల్లిరాయిలో పిర్హోటైట్, పైరైట్ అనే ఇనుప సల్ఫైడ్‌లు ఉంటే సముద్రపు తేమకు అవి కుళ్లి, పుట్టిన ఆమ్లం ఇల్వైట్ ముఖాలను కూడా మసక చేస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచి, వానాకాలం మొదలయ్యే ముందు ఆ పొట్లాన్ని మార్చాలి. బెంగళూరులో ఇంత ఇబ్బంది లేదు గాని, అటక మీద దూదిలో చుట్టి పెట్టడం మాత్రం వద్దు. దూది పోగులు కడ్డీల చివర్లకు చిక్కుకుని, విప్పేటప్పుడు మొనలు విరుగుతాయి.